చేపలు చూపిస్తామని

అక్వేరియానికి వెళ్దామన్న మాట కుసుమకుమారి నోటి నుంచి వచ్చేసరికి తహ్మీనా పప్పు మెదపడం ఆపేసి వంటింటి గుమ్మంలోకి వచ్చింది. తను విన్నది నిజమేనా అని చూసింది.

"వచ్చే శనివారం అందరం వెళ్దాం. నువ్వు కూడా, తహ్మీనా. నువ్వు లేకపోతే దీనికి చేపలెవరు చూపిస్తారు?" అంది కుసుమకుమారి నవ్వుతూ.

సోఫా మీద బోర్లా పడుకుని బొమ్మలేసుకుంటున్న ఆమని ఒక్క గెంతు గెంతి వచ్చి తహ్మీనా నడుం చుట్టేసింది. ఎనిమిదేళ్ల పిల్ల. అమ్మ దగ్గరికి కాకుండా నేరుగా ఇటే వచ్చింది. కుసుమకుమారి మొహంలో నవ్వు అలాగే ఉంది కానీ చూపు పక్కకి తిరిగింది. తహ్మీనా అది గమనించి, "అమ్మకు థాంక్స్ చెప్పు అమ్మీ, పో" అని పిల్లని మెల్లగా అటు తోసింది.

రాయచోటి నుంచి తహ్మీనా పనికని అబుదాబిలో వీళ్లింటికి వచ్చేనాటికి ఆమనికి మూడేళ్లు నిండలేదు. మూర్తి, కుసుమకుమారి కాకినాడ వాళ్లు. ఆయన చమురు కంపెనీలో ఇంజనీరు. ఆవిడది ఇన్సూరెన్స్ ఆఫీసులో పని. తహ్మీనా వచ్చిన కొన్ని నెలలకే కరోనా వచ్చి అన్నీ మూసేశారు. భార్యాభర్తలిద్దరూ చెరో గదిలో తలుపేసుకుని లాప్‌టాప్‌ల ముందు కూర్చుంటే, హాల్లో ఆ పిల్లా ఈమే మిగిలారు. కిటికీలోంచి కిందికి చూస్తే రోడ్డు మీద మనిషి కనిపించేవాడు కాదు. ఏడుపు మాన్పించడానికి తహ్మీనా కార్న్‌ఫ్లేక్స్ అట్టపెట్టెలు కత్తిరించి చేపలు చేసి, రంగులేసి, స్నానాల గది గోడకి అంటించింది. రోజూ స్నానం సముద్రంలోనే. "ఇవన్నీ తెరిచినాక నిజం చేపల కాడికి పోదాం అమ్మీ, నేనే పిల్చకపోతా" అని అప్పుడు మాటిచ్చింది.

తర్వాత అన్నీ తెరిచారు. ఊళ్లోనే పెద్ద అక్వేరియం కూడా వచ్చింది. ఆమని ప్రతి సెలవుకీ అడిగేది. ఒకసారి జనం ఎక్కువన్నారు, ఒకసారి పరీక్షలన్నారు, ఒకసారి అమ్మకి మీటింగన్నారు. తహ్మీనా తనంతట తను తీసుకెళ్లగలిగే చోటు కాదది. అందుకని పిల్ల అడిగినప్పుడల్లా మాట మార్చేది. ఈమధ్య కుసుమకుమారి ఆఫీసు మానేసి ఇంట్లోనే ఉంటోంది. ఇప్పటికి తీరింది కాబోలు అనుకుంది తహ్మీనా.

ఆ వారమంతా ఇంట్లో అదే మాట. ముందు ఏవి చూడాలో ఆమని వరస కట్టింది. సొరచేపలు చివర్న చూడాలట. ముందే చూసేస్తే మిగతావన్నీ చప్పగా ఉంటాయట. చిన్నప్పటి నుంచి తమీ అని పిలిచే తహ్మీనాకి చేపల పేర్లు నేర్పి, తెల్లారి మళ్లీ అప్పజెప్పించుకునేది. తప్పు చెబితే నెత్తిన మొట్టికాయ.

"అంత నీళ్లు అద్దం ఎట్ల ఆపుకుంటాదమ్మీ? పగిలితేనో?"

"పగలదు తమీ. అది మామూలు అద్దం కాదు. మనం కింద నడుస్తాం, చేపలు మన మీద నుంచి వెళ్తాయి."

"నేను నీ చెయ్యి వదలనబ్బా."

"నేనే పట్టుకుంటాలే" అంది ఆమని పెద్దదానిలా.

తహ్మీనా అప్పటిదాకా చూసిన సముద్రపు చేపలన్నీ రేవు పక్కనున్న మీనా మార్కెట్లో మంచు మీద పడుకున్నవే. వాటిని కోయడం తెలుసు, తోమడం తెలుసు. ఈదుతుంటే ఎలా ఉంటాయో తెలియదు. రంజాన్‌కి ఊరి నుంచి కూతురు ఫైజా కుట్టించి పంపిన పచ్చ చుడీదార్ తీసి ఇస్త్రీ చేసుకుంది. రెండో అంతస్తులో ఒక అరబ్బు ఇంట్లో పనిచేసే సర్వర్ బేగం దగ్గర దుపట్టాకి పెట్టుకునే పిన్ను అడిగి తెచ్చుకుంది. సర్వర్ బేగంది హైదరాబాద్. ఆవిడ పిన్ను చేతిలో పెడుతూ, "క్యా నసీబ్ హై తేరా! టికెట్ పెట్టి తీస్కపోతుండ్రా? నాకైతే గీ బిల్డింగ్ గేటు దాటుడే పెద్ద అక్వేరియం" అంది. ఇద్దరూ లిఫ్ట్ దగ్గర నిలబడి కడుపు నొప్పి పుట్టేలా నవ్వుకున్నారు.

ఆ రోజుల్లో కుసుమకుమారి ఎన్నడూ లేనంత మెత్తగా ఉంది. అన్నం తిన్నావా అని అడిగింది. తను ఒకటి రెండుసార్లే వాడిన హ్యాండ్‌బ్యాగు ఇచ్చింది. అంతకు ముందు వారం వీసా రెన్యువల్ అని, ఆ కాగితాలు తయారుచేసే టైపింగ్ సెంటర్‌కి తీసుకెళ్లి సంతకం పెట్టించి, వస్తూ దారిలో జ్యూస్ కూడా ఇప్పించింది. శనివారం పొద్దున, "నువ్వు వంట పెట్టుకోకు, బయట తిందాం. దీన్ని కాసేపు కింద ఆడించి తీసుకురా. నేను ఈలోపు రెడీ అవుతా" అని ఇద్దర్నీ కిందికి పంపింది. వాళ్లు తిరిగొచ్చేసరికి మూర్తి అప్పటికే కారు తీసి గేటు దగ్గర పెట్టి ఉన్నాడు. పైకి వెళ్లే పని లేకుండానే అందరూ ఎక్కేశారు.

కారులో ఆమని ఒకచోట కూర్చోలేదు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని తనలో తనే నవ్వుకుంది. తహ్మీనా చెవి దగ్గరికి వచ్చి, "నీకొక సర్‌ప్రైజ్ ఉంది. చెప్పకూడదు" అంది.

"ఆమనీ!" ముందు సీట్లోంచి కుసుమకుమారి గట్టిగా కసిరింది. తర్వాత గొంతు తగ్గించి, "అల్లరి చెయ్యకు నాన్నా" అంది. మూర్తి అద్దంలోంచి ఒకసారి వెనక్కి చూసి, వెంటనే రోడ్డు మీదికి చూపు తిప్పుకున్నాడు. ఏ ఐస్‌క్రీమో ఇప్పిస్తారు కాబోలు అనుకుని తహ్మీనా పిల్ల జుట్టు సరిచేసింది.

లోపల చల్లగా, చీకటిగా ఉంది. గోడల్లోంచి నీలం వెలుతురు వచ్చి మనుషుల మొహాల మీద కదులుతోంది. మొదటి అద్దం ముందే తహ్మీనా కాళ్లు ఆగిపోయాయి. బియ్యపు గింజలు చల్లినట్టు వేల చేపపిల్లలు. ఒకటి తిరిగితే అన్నీ తిరిగాయి. వాటికి ఎవరు చెప్పారో తెలియదు. "యా అల్లా" అంది. ఆమని చెయ్యి పట్టి లాగుతూ పేర్లు అడుగుతోంది. ఈమె నేర్చుకున్నవన్నీ మరిచిపోయింది. పిల్ల మొట్టికాయ వెయ్యబోయి, ఈమె మొహం చూసి ఊరుకుంది.

సొరంగంలోకి వెళ్లాక మీద నుంచి ఒక వెడల్పాటి టేకు చేప వచ్చింది. తడిపి ఆరేసిన దుప్పటిలా ఉంది. దాని పొట్ట కింద నోరు నవ్వుతున్నట్టే కనిపించింది. దాని వెనకే సొరచేప. తహ్మీనా బెదిరి తల వంచుకుంటే ఆమని పకపకా నవ్వింది. కుసుమకుమారి, మూర్తి వెనక ఎక్కడో ఫోటోలు తీసుకుంటున్నారు.

"తమీ, నీకు ఇప్పుడే చెప్పెయ్యనా? నేనింక ఆపుకోలేను."

"చెప్పు అమ్మీ."

ఆమని మునివేళ్ల మీద లేచి ఆమె మెడ కిందికి వంచింది. "నువ్వు ఇవాళ ఊరికి వెళ్తున్నావు! ఫైజా అక్క దగ్గరికి! నీ సూట్‌కేస్ కారు డిక్కీలో ఉంది. అమ్మే సర్దింది. ఇక్కణ్ణుంచి డైరెక్ట్‌గా ఎయిర్‌పోర్ట్. సెలవులయ్యాక మళ్లీ వచ్చేస్తావు కదా? పొద్దున నిన్ను కింద ఆపి ఉంచమన్నప్పుడు అమ్మ చెప్పింది."

తహ్మీనాకి ముందు అర్థం కాలేదు. పిల్ల ఆట అనుకుంది. తర్వాత ఒక్కొక్కటిగా గుర్తుకొచ్చాయి. టైపింగ్ సెంటర్లో సంతకం. టికెట్ కౌంటర్లో ఐడీ చూపించాలని కుసుమకుమారి తహ్మీనా పాస్‌పోర్టు కూడా బ్యాగులో పెట్టుకోవడం. పొద్దున కిందికి పంపడం. కొత్త హ్యాండ్‌బ్యాగు. అద్దానికి చెయ్యి ఆనించింది. ఊరికి పంపితే సంతోషమే. రెండేళ్లయింది కూతుర్ని చూసి. కానీ ఊరికి పంపేవాళ్లు ఇలా పంపరు.

చుట్టూ జనం. బయటికి దారి చూపించే పచ్చ దీపం ఎదురుగానే ఉంది. ఈ గుంపులో కలిసి నడిస్తే ఎవరికీ కనపడదు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకి ఒళ్లు మండింది. అది తన ఆలోచన కాదు, వాళ్లు తన గురించి అనుకున్న ఆలోచన. ఆమని చెయ్యి గట్టిగా పట్టుకుని వెనక్కి తిరిగి వాళ్లున్న చోటికి నడిచింది.

"అమ్మా, నా సూట్‌కేసు కార్లో ఉండాదంట."

కుసుమకుమారి ఫోన్ దించింది. కూతురి వైపు చూసింది. "చెప్పేశావా?"

"పిల్లనేం అనొద్దు. నాకు జవాబు చెప్పండి."

"తహ్మీనా, ఇక్కడ గొడవ వద్దు. అందరూ చూస్తున్నారు."

"ఇన్నేండ్లలో నేను ఎప్పుడు గొడవ పడినానమ్మా?"

మూర్తి ఆమనిని పక్కనున్న చిన్న చేపల తొట్టి దగ్గరికి తీసుకెళ్లబోయాడు. పిల్ల తహ్మీనా చెయ్యి వదల్లేదు. చివరికి ఏదో బొమ్మ చూపిస్తానని నాలుగడుగులు పక్కకి నడిపించాడు.

కుసుమకుమారి గొంతు తగ్గించి గబగబా చెప్పింది. "నేను ఉద్యోగం మానేశాను కదా, ఇంకా ఇంట్లో మనిషెందుకని అనుకున్నాం. వీసా క్యాన్సిల్ చేయించాం. ఇవాళ సాయంత్రం బెంగళూరు ఫ్లైట్. నీకు రావలసిందంతా కవర్లో పెట్టాను, ఏమీ తక్కువ చెయ్యలేదు."

"నేను అడిగింది అది కాదు. నాకు ఏంటికి చెప్పలేదు?"

"ఐదో అంతస్తు వాళ్లు వాళ్ల పనిమనిషికి ముందే చెప్పారు. తెల్లారేసరికి పారిపోయింది. పోలీస్ స్టేషన్ చుట్టూ ఎంత తిరిగారో నీకు తెలుసు. మేము ఆ రిస్క్ తీసుకోలేకపోయాం."

"నేను పారిపోతానని."

"నీ గురించని కాదు..."

"నా గురించేనమ్మా. ఇంకెవరి గురించి? మీ ఇంటి తాళం నా కాడ ఉండె. మీకిద్దరికీ కరోనా వచ్చి తలుపేసుకుంటే ఈ పిల్ల నా కడుపులో తల పెట్టుకోని పండుకునె. అప్పుడు పారిపోనిదాన్ని, ఇప్పుడు పోతానా? పనొద్దంటే వద్దని చెప్తే పొయ్యేదాన్ని కదా. మీ చేతులు పట్టుకోని ఏడ్చి, మీ ఇంట్లో అందరికీ చెప్పి పొయ్యేదాన్ని."

కుసుమకుమారి ఫోన్ బ్యాగులో పెట్టుకుంది. కళ్లు తడిగా ఉన్నాయి కానీ తల మాత్రం ఎత్తే ఉంది.

"నా బీరువా తీసినారా?"

"నేనే సర్దాను. అన్నీ శుభ్రంగా మడతపెట్టి..."

"నా లోపలి బట్టలు గూడా?"

కుసుమకుమారి చేతి గడియారం చూసుకుంది.

తహ్మీనా దుపట్టా అంచుతో మొహం తుడుచుకుంది. "నేను కారెక్కుతా. ఎయిర్‌పోర్టుకు వస్తా. మీకు భయమేం వద్దు. కానీ ఒకటి. నేను మళ్లీ వస్తానని ఆ పిల్లకు చెప్పినారు. అది అబద్ధం. నేను రానని మీరే చెప్పండి, నా ముందర. మీరు చెప్పినాకే నేను ఈన్నుంచి కదిలేది."

"ఇంటికెళ్లాక మెల్లగా చెబుతానులే. ఇప్పుడు చెబితే ఏడుస్తుంది."

"ఏడవనీండి. దానికి ఏడ్చే హక్కుండాది. నేను లేనప్పుడు చెప్తే, నా మీద ఏమేం చెప్తారో నాకు తెలీదు."

మూర్తి దగ్గరికి వచ్చాడు. అంతా విన్నట్టే ఉంది. "చెప్పెయ్ కుసుమా" అన్నాడు నేల చూపులు చూస్తూ.

అక్కడ ఒక బెంచీ ఉంది. కుసుమకుమారి కూతుర్ని దాని మీద కూర్చోబెట్టి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. వెనక పెద్ద అద్దంలో చేపలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. "నాన్నా, తమీ ఊరికి వెళ్తోంది కదా, అక్కడే ఉండిపోతుంది. ఇంక రాదు."

ఆమని నవ్వింది, వేళాకోళం అనుకుని. తర్వాత తండ్రి మొహం చూసింది. తహ్మీనా మొహం చూసింది. నవ్వు పోయింది. "ఎందుకు?"

కుసుమకుమారి కూతురి చేతులు పట్టుకుంది. పిల్ల పెదవి వణకడం చూసింది. ఒక క్షణం తటపటాయించి, "తను ఫైజా మీద బెంగ పెట్టుకుంది నాన్నా. తనే వెళ్లిపోతానంది. మనం వద్దంటే బాగోదు కదా" అంది.

తహ్మీనా తన చెవులను తనే నమ్మలేదు. తన ముందరే చెప్పమని అడిగింది ఇందుకు కాదు. నోరు తెరిచింది. ఈలోపే పిల్ల ఇటు తిరిగింది.

"నువ్వే వెళ్తానన్నావా?" అంది ఆమని.

"లేదమ్మీ, నేను అట్ల..."

"నువ్వు నాకు ప్రామిస్ చేశావు! చెయ్యి వదలనన్నావు!" పిల్ల రెండు చేతులతో చెవులు మూసుకుని కేకలు పెట్టింది. "అబద్ధం! నువ్వూ అబద్ధమే!" తహ్మీనా దగ్గరికి వెళితే తోసేసింది. తండ్రి పొట్టలో మొహం దాచుకుంది. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. ఒక అరబ్బు పెద్దావిడ తన పిల్లల్ని దగ్గరికి లాక్కుంది.

"చెప్పండమ్మా" అంది తహ్మీనా. "నేను అట్ల అనలేదని చెప్పండి."

కుసుమకుమారి లేచి నిలబడి బ్యాగు సర్దుకుంది. "ఇప్పుడు వింటుందా అది? పదండి, లేటవుతుంది."

కారులో చోట్లు మారాయి. పిల్ల వెనక తల్లి పక్కన కూర్చుంది. తహ్మీనాని ముందు కూర్చోమన్నారు. ఆ కారులో ముందు సీట్లో కూర్చోవడం ఆమెకి అదే మొదలు. బెల్టు ఎక్కడుందో దొరక్క వెతుక్కుంటుంటే మూర్తి వంగి పెట్టబోయాడు. వద్దని తనే పెట్టుకుంది. దారి పొడుగునా వెనక నుంచి ఎక్కిళ్లు వినిపించాయి. తిరిగి చూడాలని మెడ లాగింది. తిరిగితే పిల్ల మళ్లీ కేకలు పెడుతుందేమోనని చూడలేదు.

ఎయిర్‌పోర్టు దగ్గర మూర్తి సూట్‌కేసు దించి ట్రాలీ తెచ్చాడు. పాస్‌పోర్టు, కవరు ఆమె చేతికిచ్చాడు. "తప్పయిపోయింది తహ్మీనా. నేను మొదట్నుంచీ వద్దనే అన్నాను."

"ఇంట్లో అన్నారేమో సార్. ఆడ, ఆ పిల్ల ముందర అనాల్సింది."

ఆయన తల దించుకున్నాడు. కారు అద్దం వెనక ఆమని అటువైపు తిరిగి కూర్చుని ఉంది. జడ, మెడ వెనక భాగం మాత్రమే కనిపిస్తున్నాయి. పొద్దున ఆ జడ వేసింది తహ్మీనాయే. అద్దం మీద వేలితో తట్టింది. పిల్ల తిరగలేదు. కుసుమకుమారి చెయ్యెత్తి ఊపింది. తహ్మీనా ఆ చేతికి బదులు ఇవ్వలేదు. ట్రాలీ తోసుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

రాయచోటిలో ఫైజా తల్లిని చూసి ఎగిరి గంతేసింది. ఇంటర్ చదువుతోంది, తల్లికంటే పొడుగైంది. వీధిలో వాళ్లంతా వచ్చి పలకరించారు. చెప్పకుండా వచ్చావేమని అడిగితే, "పిల్లను చూడాలనిపించింది" అంది తహ్మీనా. ఆ మాట తన నోట్లోంచి వచ్చాక గాని అది కుసుమకుమారి చెప్పిన మాటేనని తట్టలేదు. లోపలికి పోయి చాలాసేపు కూర్చుంది.

సూట్‌కేసు తెరిచింది. కుసుమకుమారి చెప్పినట్టే అన్నీ శుభ్రంగా సర్ది ఉన్నాయి. లోపలి బట్టలు ఒక పక్క, చుడీదార్లు ఒక పక్క, నమాజు చాప పైన. తను కూడా అంత బాగా సర్దుకోలేదు ఎప్పుడూ. తహ్మీనా వాటిల్లో ఒక్కటి కూడా తొడుక్కోకుండా అన్నిటినీ తీసుకుపోయి బావి దగ్గర ఉతికింది. "శుభ్రంగానే ఉండాయి కదమ్మా" అంది ఫైజా. తహ్మీనా ఇంకోసారి సబ్బు రుద్దింది.

చాలా నెలలు ఆమని గొంతు వినలేదు. రెండుసార్లు కుసుమకుమారి నంబరుకి చేసింది. ఎత్తలేదు. ఇంక చెయ్యలేదు. ఊళ్లో పని దొరకలేదు. సర్వర్ బేగం తెలిసిన వాళ్లతో మాట్లాడి ఆ దేశంలోనే రాస్ అల్ ఖైమా అనే ఊళ్లో ఒక పని కుదిర్చింది. ఒక ముసలావిడని చూసుకోవాలి, అంతే. పిల్లలు లేని ఇల్లు. ముందు అదే అడిగింది తహ్మీనా, పిల్లలున్నారా అని. లేరన్నాకే ఒప్పుకుంది.

అక్కడ చేరాక ఒక మధ్యాహ్నం, ముసలావిడ కునుకు తీస్తుండగా, సర్వర్ బేగం నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తింది. ఊపిరి వినిపించింది.

"తమీ."

తహ్మీనా గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది. "అమ్మీ! బాగుండావా? అన్నం తింటాండావా?"

"సర్వర్ ఆంటీ ఫోన్ ఇచ్చింది. అమ్మ పడుకుంది." కొంచెం ఆగింది. "నేనొకటి అడగాలి. నువ్వు నిజం చెప్పాలి. ఆ రోజు నువ్వే వెళ్తానన్నావా?"

తహ్మీనా కళ్లు మూసుకుంది. తల్లి మీద పిల్లకి చెప్పడం తప్పేమోనన్న సందేహం ఒక్క క్షణం కలిగింది. అవతల పిల్ల ఎదురు చూస్తోంది. ఇన్ని నెలలు ఈ ఒక్క ప్రశ్న మోసుకుని తిరిగింది, రెండంతస్తులు దిగి వచ్చి అడుగుతోంది.

"లేదమ్మీ. నాకు తెలీదు. నువ్వు చెప్పేదాకా నాకేం తెలీదు. మనం చేపల్ని చూసేదానికే పోతాండామనుకున్నా."

"అయితే అమ్మ..."

"మీ అమ్మను నువ్వే అడుగు. కానీ నేను అయితే పోతాననలేదు."

"సరే" అంది ఆమని. ఏడవలేదు. "నేను నిన్ను తోసేశాను."

"ఏం కాలేదులే బంగారూ."

ఆ సాయంత్రమే కుసుమకుమారి ఫోన్ చేసింది. అన్నాళ్లకి అదే మొదటిసారి. "చిన్నపిల్లకి ఏం చెప్పావు తహ్మీనా? వచ్చినప్పటి నుంచి నా మొహం చూడట్లేదు, అన్నం ముట్టట్లేదు. పిల్ల మనసు విరిచేశావు."

"అది అడిగింది, నేను చెప్పినాను."

"దానికి ఏదోలా సర్ది చెప్పొచ్చు కదా? మాతో నీకేదన్నా ఉంటే నాతో మాట్లాడాలి కానీ..."

"నేను మాట్లాడినానమ్మా. ఆడ, ఆ అద్దాల కాడ. మీరే వినలేదు."

కుసుమకుమారి ఇంకా ఏదో చెబుతోంది. తాము ఎంత బాగా చూసుకున్నదీ, ఎన్ని పండగలకి బట్టలు పెట్టిందీ. తహ్మీనా కాసేపు విని ఫోన్ కట్ చేసింది. లోపలి గదిలోంచి ముసలావిడ పిలుస్తోంది. మాత్రల వేళయింది. లేచి కళ్లు కడుక్కుని, గ్లాసులో నీళ్లు పోసుకుని వెళ్లింది.